చూపు చెదరని డ్రైవరు

గోడ మీద లేని అక్షరాల అట్టను లాజరు గడగడా చదివేయడంతో ఈ గొడవంతా మొదలైంది.

చింతలమెట్ట బస్సు డిపోలో ఏటా డ్రైవర్లకు కంటి పరీక్ష జరుగుతుంది. గోడకు అక్షరాల అట్ట, దానికెదురుగా ఒక కుర్చీ, పక్కనే మరో కుర్చీలో కాలు మీద కాలేసుకుని కంటి డాక్టరు. అట్ట మీద పై అక్షరం ఏనుగంత, అడుగు వరసలోవి చీమలంత. ఆ అట్ట ఏనాడూ మారలేదు గనుక డిపోలో అందరికీ అది కంఠతా వచ్చు. కొత్తగా చేరినవాడికి బండి తాళాలు ఇవ్వకముందే పాతవాళ్లు అడుగు వరస నేర్పేవాళ్లు. క్యాంటీనులో దోసెలు పోసే ఆవిడకు కూడా వచ్చు. పెనం మీద పిండి తిప్పుతూ పైకే చదువుకునేది.

ఆ ఏడు గోడలకు సున్నం వేయడానికని అట్టను తీసి బీరువా వెనక పెట్టారు. ఆ సంగతి డాక్టరు చూడలేదు. లాజరూ చూడలేదు. కుర్చీలో కూర్చుని, కుడికన్ను అరచేత్తో మూసుకుని, ఉత్త గోడను పైనుంచి కిందిదాకా ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పాడు. ఆ ఊపులో అట్ట అంచున అచ్చయిన ప్రెస్సు పేరు, ఊరు కూడా చదివాడు. డాక్టరు తలెత్తకుండానే ‘చూపు దివ్యం’ అని రాసేశాడు.

వరసలో లాజరు వెనక నిలబడ్డ తిరుపాలు గట్టిగా దగ్గాడు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. గుమ్మంలో విశ్వంభర్ గారు నిలబడి ఉన్నారు. హెడ్డాఫీసులో ప్రత్యేకాధికారి. తనిఖీకని చెప్పకుండా వచ్చారు.

“నువ్వు చదివింది ఎక్కడుందయ్యా?” అన్నారాయన.

“గోడ మింద సార్.”

“గోడ మీద ఏముందో ఒకసారి చూసి చెప్పు.”

లాజరు అప్పుడు మొదటిసారి గోడవంక చూశాడు. “సున్నం సార్,” అన్నాడు.

విశ్వంభర్ గారు కోప్పడలేదు. ఆయన కోప్పడే రకం కాదు, సంస్కరించే రకం. డ్రైవర్లనందరినీ గ్యారేజీలో నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చారు. “ఈ సంఘటన వల్ల స్పష్టమగుచున్నదేమనగా, దృష్టి విషయంలో మనిషి నోరు విశ్వసించదగిన ఆధారం కాదు. ‘కనిపిస్తోందా?’ అని మనిషిని అడగడం అశాస్త్రీయం. అతడు కనిపిస్తోందంటాడు. భార్య అడిగినా అదే అంటాడు. ఇకమీదట మనం మనిషిని అడగం. కంటినే అడుగుదాం.”

నెల తిరక్కుండా యంత్రం వచ్చింది. గడ్డం ఆనించి కూర్చుంటే కంట్లోకి సన్నని వెలుగు పంపి, ఆ కన్ను ఎంత దూరంలో నిలుస్తోందో, ఎక్కడ తడబడుతోందో తనంతట తానే కొలిచి చీటీ మీద అచ్చువేసి ఇస్తుంది. కన్ను ఉన్నవాడు నోరు విప్పనక్కర్లేదు. లాజరుకు కళ్లద్దాలు అవసరమని చెప్పింది. సంస్థే కొనిచ్చింది. అద్దాలు పెట్టుకుని బయటికి వచ్చిన లాజరు తను ఆరేళ్లుగా తోలుతున్న బస్సు నుదుట రాసిన ఊరిపేరును మొదటిసారి చదివి, “ఓర్నీ, స్పెల్లింగు తప్పు రాసినారే!” అన్నాడు.

అక్కడిదాకా మంచే జరిగింది. మంచి జరిగిన చోట ఆగడం సంస్థలకు చేతకాదు.

ఏడాదికి ఒక్కరోజు కంటిని అడిగితే సరా, మిగతా రోజుల సంగతేమిటి అని విశ్వంభర్ గారికి తోచింది. అలా తోచిన మరుసటి నెలలో ప్రతి బస్సులోనూ స్టీరింగు ముందు అద్దం దగ్గర నల్లటి గుడ్డంత కెమెరా వచ్చి కూర్చుంది. డ్రైవరు కంటి నల్లగుడ్డు ఎటు తిరుగుతోంది, ఎంతసేపు నిలుస్తోంది, రెప్ప ఎన్నిసార్లు పడుతోంది అన్నీ కొలిచి నూటికి మార్కులు వేస్తుంది. కాగితాల్లో దాని పేరు ‘నేత్ర నిశ్చలతా మాపన యంత్రము’. డ్రైవర్లు కాకికన్ను అన్నారు.

సూత్రం చాలా సరళం. రోడ్డు ముందు ఉంటుంది. కనుక చూపు ముందు ఉండాలి. ముందు లేని చూపు చెదిరిన చూపు. పక్క అద్దంలోకి చూస్తే మార్కులు పోతాయి. చెట్టువంక చూస్తే పోతాయి. టిక్కెట్టు తీసుకోని మనిషి గురించి కండక్టరు కేకేసినప్పుడు వెనక్కి తిరిగితే మరీ పోతాయి.

తిరుపాలు మార్కులు మొదటి వారంలో నూటికి పన్నెండు.

తిరుపాలు చరిత్రలో బి.ఏ. చదివి స్టీరింగు పట్టినవాడు. గుండ్లవంక రూటు అతనిది. ఆ రూట్లో స్టాపులు తక్కువ, చేతులు ఎక్కువ. శనగచేల గట్ల మీంచి, గాలిమరల నీడల్లోంచి, బడి ప్రహరీ పక్కనుంచి ఎక్కడో ఒక చెయ్యి లేస్తుంది. దాన్ని చూసి బ్రేకు వేయడమే ఆ ఉద్యోగం అని అతని నమ్మకం. భార్య నాగరత్న పోయి మూడేళ్లయింది. ఇంట్లో రేడియో ఉంది, అది అడిగినదానికి జవాబు చెప్పదు. బస్సులో అయితే ఎక్కే ప్రతివాళ్లూ ఏదో ఒకటి అడుగుతారు, తిన్నావా అని కూడా అడుగుతారు. అతనికి ఆ రూటు ఉంటే చాలు.

“మీ దృష్టి చెదిరింది. దయచేసి ముందుకు చూడండి,” అంది కాకికన్ను, తీయటి ఆడగొంతుతో.

“ఈయమ్మ యెవురోగానీ బో మర్యాదగా తిడ్తాందన్నా,” అంది కండక్టరు షంషాద్. ఆమె నాలుగేళ్లుగా అతనితో అదే రూట్లో ఉంది. మాటకు మాట అప్పు ఉంచుకోదు. “ఇంత మర్యాదగా నన్ను మా అత్త తిట్టింటే ఈపాటికి కాశీకి తీస్కపోయుందును.”

“నాగరత్న గూడా అంతే అనేది,” అన్నాడు తిరుపాలు. “స్కూటర్ మింద ఎనక కూర్చోని, ముందుకు చూడప్పా, ముందుకు చూడప్పా అని.”

“వదిన చెప్తే వింటాంటివా?”

“విననని తెల్సే చెప్తాండె.”

అప్పుడే ఎడమవైపు చేలోంచి కనకాంబరాల గంప నెత్తిన పెట్టుకుని గంగులమ్మవ్వ పరుగున వస్తోంది. చెయ్యి ఎత్తడానికి వీల్లేక గంపే కాస్త పైకెత్తింది. తిరుపాలు చూశాడు, ఆపాడు.

“మీ దృష్టి చెదిరింది,” అంది కాకికన్ను.

“ఎవురే అది, నన్ను అంటాంది?” అంది అవ్వ మెట్టెక్కుతూ.

నెలాఖరుకు డిపో మేనేజరు కుళ్లాయప్ప అతన్ని పిలిచాడు. కుళ్లాయప్ప చెడ్డవాడు కాదు. పైనుంచి వచ్చిన ప్రతి కాగితానికీ కడుపులో మంట తెచ్చుకుని, పై మాటకు ఎదురు చెప్పలేక కిందివాళ్లకు మజ్జిగ తాగమని సలహా ఇచ్చే మనిషి.

“యాడ చూస్తావప్పా నువ్వు ఆ రోడ్డు మింద? నూటికి పన్నెండు! మా ఇంట్లో గుడ్డికోడి ఉంది, దానికి గూడా పాసు మార్కులొస్తాయి.”

“గాలిమరల కాడ గొర్రెలు దాటుతాంటాయి సార్. పక్కకు చూడకపోతే ఎట్ల?”

“గొర్రెలకు మార్కులు లేవు, నీకుండాయి. ఇంగొక నెల చూస్తాను. మారకపోతే స్టీరింగు తీసేసి టైర్ల గదికి ఎయ్యమని ఆర్డరు. నా చేతిలో ల్యా. మజ్జిగ తాగుతావా?”

టైర్ల గదికి కిటికీలు లేవు. తిరుపాలు మజ్జిగ తాగి బయటికి వచ్చాడు.

మిగతా డ్రైవర్లు అప్పటికే దారిలో పడ్డారు. పొద్దున్నే గ్యారేజీ గోడకు మేకు కొట్టి, వరసగా గోనెపట్టాల మీద కూర్చుని, రెప్ప వేయకుండా మేకువంక చూసేవాళ్లు. కళ్లవెంట నీళ్లు కారేవి. చూసినవాళ్లు డిపోలో ఎవరో పోయారనుకుని పలకరించి వెళ్లేవాళ్లు. అందరిలోకీ లాజరు ముందుకొచ్చాడు. కొత్త కళ్లద్దాల్లోంచి ఆకాశానికీ నేలకూ మధ్య ఎక్కడో ఒకచోట చూపు గుచ్చి, బస్సును తూటాలా తోలుకుపోయేవాడు. స్టాపుల్లో మనుషులు చేతులు ఊపేవాళ్లు. ఒకరోజు సొంత మామగారు పంచె ఎగ్గట్టి బస్సుకు అడ్డంగా వచ్చినంత పని చేశాడు. లాజరు మామను దాటి తొంభై ఒక్క మార్కులు తెచ్చుకున్నాడు.

బస్సులు ఖాళీ అయ్యాయి. ఆ సంగతి కుళ్లాయప్ప భయం భయంగా ఫోనులో చెబితే విశ్వంభర్ గారు సంతోషించారు. “సహజం. మా విశ్లేషణలో తేలినదేమనగా, డ్రైవరు దృష్టి చెదరడానికి ప్రధాన కారణం ప్రయాణికుడు. ప్రయాణికులు తగ్గినచోట నిశ్చలత పెరుగుతున్నది. ఈ ధోరణిని ప్రోత్సహించండి.”

చివరి వారం మొదలైన రోజు తిరుపాలు కూడా నిర్ణయించుకున్నాడు. టైర్ల గదికి పోతే ఆ రూటు కనిపించనే కనిపించదు. చూడకుండా తోలితే కనీసం అందులోంచి పోతూ అయినా ఉండవచ్చు. మెడ బిగించాడు. చూపును తీసుకెళ్లి దూరంగా ఒక కరెంటు స్తంభానికి తగిలించాడు. అది వెనకబడగానే ఇంకో స్తంభానికి. ఎడమ కంటి చివర ఏదో ఎర్రగా ఊగింది. అతను చూడలేదు. కుడిపక్క ఏదో అరిచింది. అతను వినలేదు.

“అన్నా!” అంది షంషాద్. తర్వాత వెనక్కి తిరిగి, దాటిపోయిన చేతులను లెక్కపెట్టింది.

“చాలా బాగుంది. మీ దృష్టి నిలకడగా ఉంది,” అంది కాకికన్ను. నాగరత్న ఏనాడూ ఇంతలా మెచ్చుకోలేదు. తిరుపాలు చూపును ఇంకో స్తంభానికి తగిలించాడు.

మర్నాడు గంగులమ్మవ్వ చేలో కాదు, రోడ్డు మధ్యలోనే గంప దించి కూర్చుంది. ఆపక తప్పలేదు.

“ఏరా, నిన్న నా పూలన్నీ వాడి సచ్చినాయి. కండ్లు పోయినాయేమిరా నీకు?”

“లేదవ్వా,” అన్నాడు తిరుపాలు తలొంచుకుని. “బాగయినాయి.”

అవ్వ లేచింది. “బాగైన కండ్లు నాకొద్దుగానీ, ఆ పాతవి పెట్టుకోని రా నాయనా,” అని గంప ఎత్తుకుంది.

ఆ రోజునుంచి తిరుపాలు మళ్లీ పాత కళ్లతోనే తోలాడు. మార్కులు ఎనిమిదికి దిగాయి. ఇక టైర్ల గదే అని మనసులో అనుకుని, వెలుతురు కోసం ఒక టార్చిలైటు కూడా కొనుక్కున్నాడు.

ఎనిమిది మార్కులు హెడ్డాఫీసులో సంచలనం కలిగించాయి. బతికున్న మనిషి ఎవడూ ఒక్క గంటలో అన్ని చోట్లకు చూడలేడనీ, కనుక యంత్రమే చెడిపోయి ఉంటుందనీ నిర్ణయించి మెకానిక్కును పంపారు. అతను అట్టపెట్టెలోంచి ఒక బొమ్మ తల తీశాడు. నున్నటి గుండు, గాజు కళ్లు, మూసిన నోరు. కళ్లు ఎలా ఉండాలో యంత్రానికి తెలియజెప్పడానికి కంపెనీవాళ్లు ఇచ్చే నమూనా అది. దాన్ని ఇనుప కడ్డీకి బిగించి, డ్రైవరు ముఖానికీ కెమెరాకూ మధ్య, రోడ్డు కనపడేలా కాస్త పక్కగా నిలబెట్టాడు. “మామూలుగా తోలన్నా,” అన్నాడు.

తిరుపాలు మామూలుగా తోలాడు. గుండ్లవంక పోయి వచ్చేసరికి నూటికి నూరు.

“మిషన్ సరిగ్గానే ఉంది, మనిషే సరిగ్గా లేడు,” అని మెకానిక్కు తేల్చాడు. ఇంతలో పక్క డిపోలో ఏదో కాకికన్ను బూతులు మాట్లాడుతోందని ఫోనొస్తే, తల తర్వాత తీసుకుపోతానని పరిగెత్తాడు. ఆ నూరు మార్కులు మాత్రం ఎవరూ చెప్పకుండానే తిరుపాలు పేరు మీద ఎక్కి హెడ్డాఫీసు చేరాయి. సాయంత్రానికి ఫోను. చింతలమెట్ట డిపో రాష్ట్రంలోనే మొదటి స్థానం. ఎనిమిది నుంచి నూటికి ఎగబాకిన డ్రైవరును స్వయంగా చూసి సత్కరించడానికి విశ్వంభర్ గారు వస్తున్నారు.

కుళ్లాయప్ప గదిలో చాలాసేపు పచార్లు చేశాడు. నిజం చెబితే మొదటి స్థానం పోతుంది. దాంతో తన ప్రమోషను పోతుంది. చెప్పకపోతే బొమ్మను తియ్యడానికి వీల్లేదు.

“తిరుపాలూ, ఆ తల అట్లే ఉండనీ,” అన్నాడు చివరికి.

“మరి నేను సార్?”

“నువ్వు తోలు. ఆయప్ప చూస్తాడు.”

బొమ్మ ముందుకు చూస్తూ ఉంటే తిరుపాలుకు దాని నున్నటి గుండు వెనకభాగం మాత్రమే కనిపించేది. షంషాద్ దానికి ఖాకీ టోపీ పెట్టింది. అవ్వ ఒక మూర కనకాంబరాలు వేసింది. బస్సు మళ్లీ నిండింది. చేతులు లేచిన చోటల్లా ఆగింది. గొర్రెల దగ్గర ఆగింది. ఆగిన ప్రతిసారీ, “చాలా బాగుంది,” అనేది కాకికన్ను. ఎక్కేవాళ్లు ముందుగా బొమ్మకు దండం పెట్టి తర్వాత టిక్కెట్టు అడిగేవాళ్లు.

“అన్నా, నాలుగేండ్లుగా తోలతాండావు, నీకెవురన్నా దండం పెట్టినారా?” అంది షంషాద్.

“నాకు టోపీ లేదు గదమ్మా.”

సత్కారం రోజు మధ్యాహ్నం విశ్వంభర్ గారి జీపు గాలిమరల దగ్గర ఆగిపోయింది. ఎండ నెత్తిన నాట్యమాడుతోంది. ఆయన రోడ్డు పక్కన నిలబడి చెయ్యెత్తారు. ఒక బస్సు వచ్చింది. నిశ్చలమైన చూపుతో వెళ్లిపోయింది. ఇంకొకటి వచ్చింది, అంతకంటే నిశ్చలంగా వెళ్లింది. మూడోది లాజరుది. విశ్వంభర్ గారు కోటు విప్పి ఊపారు. “నేనయ్యా, విశ్వంభర్‌ని!” అని అరిచారు. లాజరు ఆయన ఇప్పించిన కళ్లద్దాల్లోంచి ఆయనకు పైగా ఎక్కడో ఆకాశం అంచును చూస్తూ, ఆయన మీద దుమ్ముపోసి వెళ్లిపోయాడు. తను తీర్చిదిద్దిన చూపులు ఒక్కొక్కటే తనను దాటిపోతుంటే, ఆయన పరిస్థితి కూతుళ్లందరికీ మంచి సంబంధాలు చేసి చివరికి ఏ అల్లుడింటా అన్నం పుట్టని మామగారిలా అయింది.

తిరుపాలు ఆయన్ను చాలా దూరం నుంచే చూశాడు.

“అన్నా, ఆ కోటు మన సారుది,” అంది షంషాద్ గొంతు తగ్గించి. “ఆపితే బొమ్మను చూస్తాడు. చూస్తే నువ్వు టైర్ల గదికే. మిగిల్నోళ్లంతా పొయ్యింటారు, మనమూ పోదామా?”

తిరుపాలు టైర్ల గదిని తలుచుకున్నాడు. కొన్న టార్చిలైటునూ తలుచుకున్నాడు. “చెయ్యెత్తినాడు గదమ్మా,” అని బ్రేకు వేశాడు.

విశ్వంభర్ గారు ఎక్కారు. గంగులమ్మవ్వ ఆయనకు చోటిచ్చి, తన చెంబులో నీళ్లు ఇచ్చింది. తాగి, మొహం తుడుచుకుని, ముందుకు చూశారు. టోపీ పెట్టుకుని, పూలు వేసుకుని, గాజుకళ్లతో రోడ్డును చూస్తున్న గుండు. దాని వెనక తిరుపాలు.

“ఇది ఎవరు?” అన్నారు.

“నూటికి నూరు వచ్చినాయన సార్,” అంది షంషాద్.

విశ్వంభర్ గారు లేచి బొమ్మ ముందుకు వెళ్లి దాని కళ్లలోకి చాలాసేపు చూశారు. అది కూడా ఆయన్ను చాలాసేపు చూసింది. రెప్ప మాత్రం వేయలేదు.

“ఈ కన్ను పక్కకు తిరగలేదు కదా?”

“తిరగల్యా సార్,” అన్నాడు తిరుపాలు.

“అయినా బస్సు నా దగ్గర ఆగింది. కదలగలిగిన కళ్లున్న మూడు బస్సులు ఆగలేదు. ఆగింది కదలలేని కళ్లున్నది.” ఆయన గొంతు మెల్లగా ఉపన్యాసంలోకి ఎక్కింది. “దీనివల్ల నిరూపితమగుచున్నదేమనగా, లోపం యంత్రంలో లేదు, విధానంలో లేదు. మనిషి కన్నులో ఉన్నది. ఇన్నాళ్లూ మనం పనికిరాని కన్నుకు శిక్షణ ఇస్తూ కాలం వృథా చేశాం.”

మరుసటి వారం ఉత్తర్వు వచ్చింది. ప్రతి బస్సులోనూ ఒక బొమ్మ తలను అమర్చాలి. దృష్టికి సంబంధించిన సమస్త బాధ్యతా దానిదే. ఇప్పటివరకు డ్రైవర్లుగా ఉన్నవారు ఇకమీదట దానికి సహాయకులు. వారి కళ్లను కొలవనక్కర్లేదు, అవి లెక్కలోకి రావు. గ్యారేజీ గోడకున్న మేకు పీకేశారు. లాజరు పళ్లబుట్టతో మామగారింటికి వెళ్లి మూడుసార్లు తలుపు కొట్టి, ఎవరూ తీయక తిరిగి వచ్చాడు.

అదంతా తర్వాతి సంగతి. ఆ రోజు బస్సులో మాత్రం తిరుపాలుకు తెలిసింది ఒక్కటే, స్టీరింగు ఇంకా తన చేతిలోనే ఉంది.

“సార్, అయితే నేను ఎట్లా చూడాల?” అని అడిగాడు, అనుమానం ఎందుకు ఉంచుకోవాలని.

“మీరా?” అన్నారు విశ్వంభర్ గారు, బొమ్మ పక్కన ఇంజను మీది సీటులో సర్దుకుని కూర్చుంటూ. “మీ ఇష్టం. ఎటైనా చూసుకోండి.”

నాగరత్న పోయాక అతనికి ఇంత మంచిమాట ఎవరూ చెప్పలేదు. తిరుపాలు గేరు మార్చాడు. చేలమీద గాలి ఎత్తుకుంది. మలుపు తిరగగానే, కుడిపక్క కంపచెట్ల మాటునుంచి ఒక ఆడనెమలి తల బయటపెట్టింది. దాని వెనక మట్టిరంగు పిల్లలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. తిరుపాలు బస్సును చప్పుడు కాకుండా నిలిపాడు. వెనక షంషాద్ చూడమని ఎవరికో సైగ చేసింది. కిటికీల్లోంచి తలలు బయటికి వచ్చాయి. నెమళ్లు బస్సు ముందునుంచే, చక్రానికి మూరెడు దూరంలో, తీరిగ్గా రోడ్డు దాటాయి. చివరి పిల్ల మధ్యలో ఆగి, ఏదో పొడుచుకుతిని మరీ వెళ్లింది.

ముందు సీటులో విశ్వంభర్ గారూ, కడ్డీ మీద బొమ్మా పక్కపక్కన నిటారుగా దూరాన ఆకాశం అంచులో ఒకే చోటికి చూస్తున్నారు.

“ఎందుకు ఆపారు?” అన్నారు విశ్వంభర్ గారు.